నెబ్రాస్కా సెనేటర్ల ముందు మూడు నిమిషాలు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో మనుషులు 20 లక్షలు, గొడ్లు 60 లక్షల పైనే. పదింట తొమ్మిది వంతుల నేల సాగుకో మేతకో పోతుంది. అలాంటి రాష్ట్రంలో కోళ్ల షెడ్డు ఎక్కడ కట్టాలి, పక్కింటికి ఎంత దూరం వదలాలి అన్నదానికి ఊళ్లకు ఊళ్లే రెండుగా చీలిపోవడం చూశాను. మా ఇల్లు లింకన్ ఊరి బయట, మొక్కజొన్న చేల మధ్య. పక్క రైతు బ్రాయిలర్ షెడ్లు వేస్తానన్నప్పుడు అదే గొడవ మా గడపకూ వచ్చింది.

నేను కోళ్లకు వ్యతిరేకిని కాను. మాది అనపర్తి దగ్గర ఊరు, ఫారాల మధ్యే పెరిగాను. ఆ రైతు బాధా నాకు తెలుసు. మొక్కజొన్న ఒక్కదాని మీద కొడుకుని ఊళ్లో నిలబెట్టలేడు. నా భయమల్లా బోరు నీళ్ల గురించే. కోళ్ల పెంట నేలలోకి ఇంకితే అందులోని నైట్రేట్ నీళ్లలో కలుస్తుంది.

ఇక్కడి శాసనసభకు ఒకటే సభ, 49 మంది సభ్యులు, అందరినీ సెనేటర్లనే అంటారు. 1937 నుంచీ ఒకటే సభ. సభ ఒక ఏడాది 90 రోజులు, మరుసటి ఏడాది 60 రోజులు జరుగుతుంది. మిగతా నెలల్లో కమిటీలు ఒక్కో సమస్యను తీసుకుని అధ్యయనం చేస్తాయి. దాన్ని ఇంటరిమ్ స్టడీ అంటారు. కోళ్లు, పశువుల షెడ్ల స్థలాల మీద వ్యవసాయ కమిటీ అలాంటి స్టడీ పెట్టిందని తెలిసి కమిటీ క్లర్క్‌కు ఫోన్ చేశాను. "నాకు ఓటు లేదు, గ్రీన్ కార్డే ఉంది, మాట్లాడొచ్చా?" అని అడిగాను. రమ్మంది. మీరు కూడా ముందే కనుక్కోండి, ఎందుకంటే కొన్ని స్టడీలకు పిలిచినవాళ్లనే మాట్లాడనిస్తారు.

చదువుకోవాల్సింది చాలానే ఉంది. షెడ్డుకు అనుమతి ఇచ్చేది కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్ర వ్యవసాయ శాఖ ఒక మార్కుల పట్టిక తయారుచేసింది: దూరానికిన్ని, వాసన తగ్గించే ఏర్పాట్లకిన్ని, పెంట నిర్వహణకిన్ని. దాన్ని వాడాలా వద్దా అన్నది కౌంటీల ఇష్టం. ఉన్నవేమో 93 కౌంటీలు! తాగేనీటిలో నైట్రేట్, నైట్రోజన్ లెక్కన, లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని ఫెడరల్ పరిమితి ఉంది కానీ అది టౌను సప్లైకే. సొంత బోరైతే పరీక్ష మన బాధ్యతే. పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

కమిటీ జనం మాట వినే హియరింగ్ రోజు చాలా టెన్షన్ పడ్డాను. లోపలికి వెళ్లగానే ఒక ఫారం నింపి ఇవ్వాలి. కుర్చీలో కూర్చున్నాక పేరు, ఇంటిపేరు ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పాలి, అంతా రికార్డు అవుతుంది. బల్ల మీద దీపాలుంటాయి. ఆకుపచ్చ వెలిగితే మొదలుపెట్టాలి, పసుపు వస్తే ఇంకో నిమిషమే, ఎరుపు వస్తే ఆపేయాలి. మాకిచ్చింది మూడు నిమిషాలు. సెనేటర్లు మనల్ని ప్రశ్నించొచ్చు, మనం వాళ్లను ప్రశ్నించకూడదు.

నేను అడిగింది ఒక్కటే. షెడ్డుకు పునాది తియ్యకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించి ఆ అంకె కౌంటీ దగ్గర ఉంచాలి. ఇక్కడ మొక్కజొన్నకు వేసే ఎరువు వల్ల కూడా నైట్రేట్ పెరుగుతుంది. ముందటి లెక్క లేకపోతే రేపు నీళ్లు పాడైతే కారణం షెడ్డా, చేనా అని ఎవరూ తేల్చలేరు. పొరుగువాడి అనుమానం మాత్రం షెడ్డు మీదే పడుతుంది. కాబట్టి ఈ పరీక్ష షెడ్డు రైతుకూ రక్షణే.

ఒక సెనేటర్ అడిగారు, ఖర్చెవరిది అని. రైతు చేత కోళ్లు పెంచించుకునే కంపెనీది అన్నాను. కోడిపిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, షెడ్డు కోసం తెచ్చిన అప్పు మాత్రం రైతుది. మన తెలుగు రాష్ట్రాల్లో పెంపకం కూలికి బ్రాయిలర్లు పెంచే రైతుల పరిస్థితీ ఇదే కాబట్టి ఈ మాట తడుముకోకుండా చెప్పగలిగాను. అప్పు మోసేవాడి మీదే పరీక్ష ఖర్చూ వేస్తే అన్యాయం.

నా తర్వాత ఒక పశువుల రైతు మాట్లాడాడు. పల్లెకు కాపురం వచ్చినవాళ్లు పల్లె వాసన భరించాలన్నాడు. వాసన విషయంలో ఆయన మాట నిజమే, నీళ్ల విషయంలో నేను ఒప్పుకోను. బయటికొచ్చాక కారిడార్‌లో ఆయనతోనే చాలాసేపు మాట్లాడాను. తన బోరు కూడా ఎప్పుడూ పరీక్ష చేయించలేదట. సహజ వనరుల జిల్లా ఆఫీసులో అడగమన్నాను. రాష్ట్రంలో అలాంటివి 23 ఉన్నాయి, భూగర్భ జలాల బాధ్యత వాటిదే.

స్టడీ అయ్యాక కమిటీ సభకు నివేదిక ఇస్తుంది. చట్టం కావాలంటే జనవరిలో ఎవరైనా సెనేటర్ బిల్లు పెట్టాలి. ఇక్కడ ప్రతి బిల్లుకూ బహిరంగ విచారణ తప్పనిసరి కాబట్టి అప్పుడు మళ్లీ మాట్లాడే వీలుంటుంది. ఈలోగా మా సెనేటర్ ఆఫీసుకు ఇదే విషయం ఉత్తరంగా రాసి ఇచ్చాను. మా బోరు నీళ్ల శాంపిల్ కూడా ల్యాబుకు పంపాను.