నాన్న మొలతాడు కింద నల్ల మచ్చ, ఎక్సోజోమ్స్ కోసం మేము పడిన రెండు రోజుల టెన్షన్

నాన్న మొలతాడు కింద ఉన్న నల్ల మచ్చని మేమెవరం చూడలేదు. ఏడు రోజుల జ్వరం తర్వాత ఐసీయూలో డ్యూటీ డాక్టర్ గారు ఒళ్లంతా వెతికితే కనపడింది. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లగా, చుట్టూ కాస్త ఎర్రగా ఉంది. నొప్పి లేదు, దురద లేదు. అందుకే నాన్నకీ తెలియలేదు.

"తోటలకీ పొలాలకీ వెళ్తుంటారా?" అని అడిగారావిడ. ఎస్.కోట దగ్గర మాకు కొంచెం జీడిమామిడి తోట ఉంది. నవంబరులో తుప్పలు కొట్టించడానికి నాన్న నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. విశాఖ వచ్చిన పది రోజులకి జ్వరం మొదలైంది. ముందు చూపించిన నర్సింగ్ హోమ్‌లో టైఫాయిడ్ అన్నారు, రోజూ ఇంజెక్షన్లు చేశారు. జ్వరం దిగలేదు సరికదా, ఏడో రోజు తెల్లవారుజామున మంచం మీద కూర్చుని ఊపిరి కోసం ఎగపోస్తుంటే అంబులెన్స్ పిలిచి పెద్దాసుపత్రికి తెచ్చాం.

అది స్క్రబ్ టైఫస్. చిగ్గర్ అనే పురుగు, కంటికి సరిగా ఆననంత చిన్నది, గడ్డిలో, తుప్పల్లో ఉంటుంది. అది కుట్టిన చోటే ఆ మచ్చ పడుతుంది. దానితో వచ్చే బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది. టైఫాయిడ్‌కి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ దాని మీద పనిచేయదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయి. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే రెండూ నరానికి ఎక్కించారు. జబ్బు ముదిరినవాళ్లకి ఒక్కో మందు విడిగా ఇవ్వడం కంటే రెండూ కలిపి ఇస్తే మేలని మన దేశంలోనే దాదాపు 800 మంది మీద పరిశోధన చేసి 2023లో ప్రచురించారని డాక్టర్ గారు చెప్పారు. కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మర్నాడు మధ్యాహ్నం వెంటిలేటర్‌కి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రమే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక బ్రోచర్ పంపాడు. "అక్కా, స్టెమ్ సెల్ ఎక్సోజోమ్స్ అంట. ఊపిరితిత్తుల్ని మళ్లీ కొత్తగా చేస్తాయంట. ఒక్కసారి మాట్లాడు." అరగంటలో అక్కడి కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. రెండు డోసులు, 2 లక్షల 40 వేలు. ఎలాంటి ఇన్‌ఫెక్షన్ అయినా, వైరస్ అయినా బ్యాక్టీరియా అయినా, చంపేస్తాయన్నాడు. ఐసీయూ డాక్టర్లు ఒప్పుకోకపోతే పేషెంట్‌ని తమ దగ్గరికి మార్చుకోవచ్చన్నాడు. వెంటిలేటర్ మీదున్న మనిషిని!

అమ్మ ఏమీ అడగలేదు. మెడలో నానుతాడు తీసి నా చేతిలో పెట్టింది.

ఇలాంటివి తెలిసిన మనిషి నాకు ఒకరే ఉన్నారు, ఇంటర్ నుంచి నా స్నేహితురాలు. బయోటెక్నాలజీ పాఠాలు చెబుతుంది. రాత్రి పదిన్నరకి కారిడార్‌లో నేలమీద కూర్చుని ఫోన్ చేశాను. గంట సేపు ఓపికగా చెప్పింది. ఆమె చెప్పినది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మన కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులే ఎక్సోజోమ్స్. 30 నుంచి 150 నానోమీటర్లు, అంటే బ్యాక్టీరియా కంటే కూడా చాలా చిన్నవి. 1980లలో గొర్రె రక్తకణాల మీద పనిచేస్తున్నవాళ్లు వీటిని గమనించారు. కణం తనకి అక్కర్లేనిది పారబోసుకునే చెత్తబుట్టలని చాలాకాలం అనుకున్నారట. తర్వాత తెలిసింది, ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లు వీటిలో ఉంటాయని. ప్రొటీన్లు, ఆర్ఎన్ఏ ముక్కలు మోసుకెళ్తాయి. ఎముక మజ్జ నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన స్టెమ్ సెల్స్‌ని, అంటే మూలకణాల్ని, ల్యాబ్‌లో పెంచి, అవి పెరిగిన ద్రవం నుంచి ఈ సంచుల్ని వేరుచేస్తారు.

"మరి బ్యాక్టీరియాని చంపుతాయా?" అన్నాను.

"మీ నాన్నగారి ఒంట్లో రెండు గొడవలున్నాయి. ఒకటి బ్యాక్టీరియా. రెండోది, దాని మీద ఒళ్లు తిరగబడి తన ఊపిరితిత్తుల్నే పాడుచేసుకోవడం. ఎక్సోజోమ్స్ మీద ఆశ ఉన్నది ప్రధానంగా ఆ రెండోదాని దగ్గర, మంటని తగ్గిస్తాయేమో, దెబ్బతిన్న పొరని బాగుచేస్తాయేమో అని. మొదటిదానికి డాక్సీసైక్లినే. అది ఇప్పటికే ఎక్కుతోంది కదా."

ఎలుకలకి న్యుమోనియా తెప్పించి ఎక్సోజోమ్స్ ఇచ్చిన ప్రయోగాల్లో మేలు కనిపించిందట. కోవిడ్‌తో ఊపిరి అందని 102 మందితో అమెరికాలో రెండో దశ ట్రయల్, అంటే మనుషుల మీద పరీక్ష, చేసి 2023లో ఫలితాలు వేశారు. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లలో కొంత ఆశ కనిపించింది. అది కోవిడ్, పైగా అనుమతికి ముందు చేసే పరీక్షల్లో ఒక మెట్టు మాత్రమే. అదే దేశంలో 2019 డిసెంబరులో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది కూడా. నెబ్రాస్కా రాష్ట్రంలో అనుమతి లేని ఎక్సోజోమ్ మందులు తీసుకున్నవాళ్లు తీవ్రంగా జబ్బుపడ్డారు.

మన దగ్గర 2019 నాటి కొత్త మందుల నిబంధనల ప్రకారం స్టెమ్ సెల్స్ నుంచి తయారైనది కొత్త మందు కిందికే వస్తుంది, కేంద్రం అనుమతి కావాలి. ట్రయల్ అయితే సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ముందే నమోదు కావాలి, 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు. నేను ఫోన్‌లోనే వెతికాను. ఆ సెంటర్ పేరు మీద ఏమీ దొరకలేదు.

తెల్లారాక కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి నోట్‌బుక్‌లో రాసుకున్నవి వరసగా అడిగాను. ట్రయల్ నంబరు ఎంత? ట్రయల్‌కి ఒప్పుకోవాల్సిన ఎథిక్స్ కమిటీ ఎవరిది? బొడ్డుతాడు ఇచ్చిన తల్లికి హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేశారా? ఆ బ్యాచ్‌లో క్రిములు లేవని రిపోర్టు ఏది? ఇచ్చాక నాన్నకి ఏదైనా అయితే బాధ్యత ఎవరిది? మొదటి రెండింటికి "అవన్నీ ఉంటాయి మేడమ్" అన్నాడు. మిగతావాటికి సీసా ఫొటో పంపాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే లేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఉంది, పరిశోధన అవసరాలకు మాత్రమే అని.

చేతులు వణికాయి. కోపంతో కూడా కాదు. అమ్మ నానుతాడు ఇంకా నా బ్యాగులోనే ఉంది.

తమ్ముడు ఆ ఉదయమే బెంగళూరు నుంచి దిగాడు. నేను కనుక్కున్నదేమీ వాడికి తెలియదు. "నాన్న కంటే డబ్బు ఎక్కువా అక్కా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, వాడు భయంతో అన్నాడని తెలిసినా. ఏమీ వాదించలేదు. ఫొటో చూపించి, ఇద్దరం కలిసి ఐసీయూ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం.

ఆవిడ విసుక్కోలేదు. "నిజమైన ట్రయల్ ఉంటే నేనే మీకు చెప్తాను. అందులో మందుకి మీ దగ్గర డబ్బు తీసుకోరు. కాగితం మీద అన్నీ రాసి, వివరించి, మీరు ఒప్పుకుంటేనే చేస్తారు. ఇలా ఫోన్‌లో బేరం పెట్టరు," అన్నారు. తర్వాత నాన్న చార్టు చూపించారు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి 36 గంటలయింది. జ్వరం 103 నుంచి 100కి దిగింది. "ఆక్సిజన్ ఇంకా తగ్గించలేకపోతున్నాం. కానీ మందు పట్టింది. ఇప్పుడు ఈయన్ని కదపడమే ప్రమాదం."

తమ్ముడు చార్టు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి పిన్ని కొడుక్కి వాడే ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

నాన్న వెంటిలేటర్ మీద ఐదు రోజులున్నారు. ట్యూబు తీశాక మొదటి మాట రాలేదు, గొంతు బొంగురుపోయింది. పద్దెనిమిదో రోజు ఇంటికి తెచ్చాం. నెల వరకు బాత్రూమ్‌కి నడవాలన్నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నుంచి సబ్‌మెరైన్ దాకా ఆగకుండా నడిచారు.

నేను ఇప్పటికీ అప్పుడప్పుడు సీటీఆర్ఐ తెరిచి ఎక్సోజోమ్ అని కొట్టి చూస్తాను. నాన్న పక్క బెడ్‌లో పాడేరు వైపు నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల కుర్రాడు ఉండేవాడు, అదే జబ్బు. మందులన్నీ పడ్డాయి, ఊపిరితిత్తులు కోలుకోలేదు. అతని భార్య నాతోపాటే ఆ కారిడార్‌లో పడుకునేది. అలాంటివాళ్ల కోసమైనా ఈ పరిశోధన సరైన దారిలో, సరైన చోట జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నాన్న మళ్లీ తోటకి వెళ్తున్నారు. వద్దంటే వినరు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుంటారు. ఇంటికి రాగానే బట్టలు బకెట్లో వేసి వేడినీళ్లతో స్నానం చేస్తారు. ఆ తర్వాత అమ్మ కళ్లజోడు పెట్టుకుని, మొలతాడు పక్కకి జరిపి చూస్తుంది.