వేలికి తగిలిన బంతి

ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు కోరినప్పుడు నా మనసు మా బడి తరగతి గదుల వైపు కాక, వాటి వెనక ఉన్న వాలీబాల్ కోర్టు వైపే వెళ్ళింది. పాఠాలు చెప్పిన గురువుల మీద గౌరవం తక్కువై కాదు. మంచిచెడ్డల విషయంలో నాకు ఈనాటికీ అక్కరకొస్తున్న ఎరుకలో ఎక్కువ భాగం, సున్నంతో గీతలు గీసిన ఆ మట్టినేల మీదనే కలిగింది.

వాలీబాల్‌లో నన్ను మొదటినుంచీ కట్టిపడేసిన నియమం ఒకటుంది. బంతిని పట్టుకోకూడదు. తక్కిన చాలా ఆటల్లో బంతి దొరికినవాడు దాన్ని కాసేపు తన అధీనంలో ఉంచుకోగలడు. ఇక్కడ అది చేతికి తగిలిన క్షణంలోనే చేతిని విడిచిపోవాలి. జట్టు మొత్తానికి మూడు స్పర్శలే, అందులోనూ ఒకే మనిషి వరుసగా రెండుసార్లు తాకరాదు; అవతలివాళ్ళు కొట్టిన బంతిని నెట్ దగ్గరే చేతులెత్తి అడ్డుకునే 'బ్లాక్' స్పర్శకు మాత్రమే మినహాయింపు. కాబట్టి వచ్చినదాన్ని పక్కవాడికి అనువుగా అందించడం కంటే గొప్ప పని ఆ ఆటలో లేదు. అపరిగ్రహం, అంటే దేన్నీ తనదని పట్టుకుని ఉంచుకోకపోవడం, అనే మాట నేను పుస్తకాల్లో చదివింది చాలా ఏళ్ళ తరువాత, కాని చదివిన వెంటనే నా కళ్ళ ముందు మెదిలింది మా లిఫ్టర్ చేతివేళ్ళు. తానెన్నడూ స్మాష్ కొట్టకుండా, కొట్టేవాడికి సరిగ్గా అందేంత ఎత్తుకు బంతిని లేపి పక్కకు తప్పుకొనే ఆ మిత్రుణ్ణి చూసే నేను నిరాడంబరత అంటే ఏమిటో తెలుసుకున్నాను.

సర్వీసు తిరిగి దక్కిన ప్రతిసారీ ఆరుగురూ గడియారపు ముల్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరగాలి. నెట్ దగ్గర చప్పట్లు అందుకున్నవాడు కాసేపటికి వెనక వరుసలోకి వచ్చి, మోకాళ్ళు వంచి, అవతలివాడి స్మాష్‌ను ముంజేతుల మీద కాచుకోవలసిందే.

ఇక సర్వీసు చేసే ఆ కొద్ది క్షణాల గురించి చెప్పాలి. ఇప్పటి నిబంధనల ప్రకారం రిఫరీ ఈల ఊదాక 8 సెకన్లలోపు బంతిని కొట్టాలి. మా డ్రిల్లు మాస్టారు ఆ సమయంలో స్కోరు వైపు చూడవద్దనీ, బంతిని రెండుసార్లు నేలకు కొట్టి ఒక్క శ్వాస నిండుగా తీసుకుని వదిలాకనే చెయ్యెత్తమనీ నేర్పారు. అంతకుముందు పోయిన పాయింటు గాని, రాబోయే గెలుపు గాని తలపులోకి రాని ఆ ఒక్క శ్వాసలో, అరచేతికి తగిలే బంతి కుట్ల గరుకుతనం తప్ప నాకు లోకం తెలిసేది కాదు. తరువాతి కాలంలో ధ్యానం నేర్పేవారి దగ్గర కూర్చున్నప్పుడు వారు చెబుతున్న స్థితి నాకు కొత్తగా అనిపించలేదు.

అయితే అదే కోర్టులో నేను చేసిన తప్పు కూడా ఇక్కడ రాయకుండా ఉండలేను. అది అంతర్ పాఠశాలల పోటీల్లో మూడో సెట్టు. ఆ రోజుల్లో సర్వీసు చేస్తున్న జట్టుకే పాయింటు వచ్చేది, సెట్టు 15కు ముగిసేది. మేము 14, వాళ్ళు 13, సర్వీసు మాది. అవతలివాడు కొట్టిన స్మాష్ నా చూపుడువేలి కొనకు తగిలి గీత దాటి పడింది. గోరు కింద చురుక్కుమంది. రిఫరీ మాత్రం బంతి ఎవరికీ తగలకుండా బయటికి పోయిందని భావించి పాయింటు మాకిచ్చారు. అందరూ నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు, నేను నోరు విప్పలేదు. సామాను సర్దుకుంటుండగా మాస్టారు దగ్గరకొచ్చి, "వేలికి దెబ్బ తగిలిందట్రా?" అని మెల్లగా అడిగారు. "లేదండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిఫరీకి తెలియనిది మాస్టారుకు తెలిసిందన్న బెంగ కంటే, తగిలిందని నాకు తెలుసునన్న సంగతే నన్ను ఎక్కువ బాధించింది. అంతరాత్మ అంటారే, దానికి చెవులు మూసుకోవడం ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది.

ఆ తరువాత నేను ఆటగాళ్ళ జీవితాల్లో వెతుక్కున్నవన్నీ ఇలాంటి క్షణాలే. 1980లో ముంబయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండ్ వికెట్‌కీపర్ బాబ్ టేలర్‌ను అంపైర్ ఔటిచ్చాక, బంతి బ్యాటుకు తగలలేదని గ్రహించిన మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతణ్ణి వెనక్కి పిలిపించారు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. 2012 డిసెంబరులో స్పెయిన్‌లో జరిగిన క్రాస్ కంట్రీ పరుగులో, ముందున్న కెన్యా ఆటగాడు ఏబెల్ ముతాయ్ గమ్యం చేరాననుకొని గీతకు కొద్ది మీటర్ల ముందే వేగం తగ్గించేస్తే, వెనక వస్తున్న ఇవాన్ ఫెర్నాండెజ్ అతణ్ణి దాటిపోకుండా, గీత ఇంకా ముందుందని సైగచేసి తాను రెండోవాడిగానే ముగించాడు. ఓడిపోవచ్చని తెలిసీ, అడిగేవారెవరూ లేకపోయినా చేసిన పనులివి. యువకులకు వీటిని విజయగాథలకంటే ముందు చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. బంతి తనకు తగిలిందని తానుగా ఒప్పుకున్న ఆటగాడికి 2023లో అంతర్జాతీయ వాలీబాల్ నేషన్స్ లీగ్‌లో మెచ్చుకోలుగా ఆకుపచ్చ కార్డు చూపించడం మొదలుపెట్టారని తెలిసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మరుసటి ఏడాది అలాంటి బంతే మళ్ళీ నా వేలికి తగిలింది. రిఫరీ ఈసారీ పాయింటు మాకే ఇచ్చారు. గుండె దడదడలాడుతుంటే చెయ్యెత్తి, "తగిలిందండీ" అన్నాను. సర్వీసు వాళ్ళకు పోయింది, కాసేపటికి సెట్టు కూడా పోయింది. మా వాళ్ళలో ఇద్దరు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆట ముగిశాక నేను తలవంచుకుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఉంటే మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"వేలెలా ఉందిరా?" అన్నారు.

"నొప్పిగా ఉందండీ" అన్నాను. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేలిని మెల్లగా నిమురుతూ చాలాసేపు అలాగే కూర్చున్నారు.