దక్షిణం ముఖం ఇల్లు, పక్కన బార్న్

పెన్సిల్వేనియాలో చెస్టర్ కౌంటీ వైపు అమ్మకానికొచ్చే పాత రాతి ఇళ్ళ ప్రకటనలు చాలాకాలంగా చూస్తున్నాను. ఈసారి వచ్చింది 1820ల నాటి రైతు ఇల్లు. పన్నెండు ఎకరాల నేల, పక్కనే వాలులో కట్టిన బార్న్, అంటే పశువులకూ గడ్డికీ ధాన్యానికీ కట్టిన పెద్ద కొట్టం. ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామంది కొత్త కమ్యూనిటీలో తూర్పు ముఖం ఇల్లు దొరికేదాకా ఆగుతారు. అది వాళ్ళ ఇష్టం. కానీ ఈ పాత ఇళ్ళు మాత్రం ఎవరి తాతముత్తాతలవో, మనకెందుకులే అనడం నాకు నచ్చదు. మన పిల్లలు పుట్టి పెరుగుతున్నది ఇక్కడే. ఈ నేల పాత సంగతులు వాళ్ళవి కాకుండా ఎలా పోతాయి?

"దక్షిణం గుమ్మమా!" అని ఫోన్‌లో మా అత్తగారు కంగారుపడ్డారు. ఇక్కడి రైతులు చలికాలపు ఎండ కోసమే చాలా చోట్ల ఇంటినీ పశువుల దొడ్డినీ అటు తిప్పి కట్టుకున్నారని చెప్పాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. ఆ మాట వేరే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఏజెంట్ మాకు వంటిల్లు చూపిస్తుండగానే మా నాన్న పిల్లల్ని తీసుకుని బార్న్‌లోకి వెళ్ళిపోయారు. నాన్నది తెనాలి దగ్గర పల్లె, వరి పండించిన మనిషి. ఈ చెస్టర్ కౌంటీ వైపు బార్న్‌లు వాలును తొలిచి కట్టినవి. ఎగువ నుంచి బండి నేరుగా పై అంతస్తులోకి పోతుంది. దిగువ వైపు నుంచి పశువులు కింది అంతస్తులోకి వస్తాయి. పై అంతస్తు కొన్ని అడుగులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని కింద గొడ్లకు వాన తగలదు. ఇవేవీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూస్తూనే పట్టేశారు.

"తాతయ్యా, నేలలో ఈ కన్నాలెందుకు?" అని మావాడు అడిగాడు.

"మేత కిందికి తోయడానికిరా. గడ్డి పైన, గొడ్లు కింద. వానాకాలం బయటికెళ్ళే పనిలేదు."

ఎదురెదురు తలుపులు రెండూ తీయించి, "చూడు, గాలి ఎలా కొడుతోందో. ధాన్యం ఇక్కడే తూర్పారబట్టి ఉంటారు" అన్నారు. తర్వాత ఏజెంట్ కూడా అదే చెప్పాడు. గోధుమలు నూర్చే నేల అదేనట. ఇనుప మేకు లేకుండా, దూలం చివర చెక్కిన నాలుకను ఇంకో దూలంలోకి దించి చెక్క మేకులతో బిగించిన చోట నాన్న చాలాసేపు నిలబడిపోయారు. మా పాప ఆ మేకులన్నీ చేత్తో తడుముతూ ఆయన వెంటే తిరిగింది.

ఊరికి వెళ్ళినప్పుడు పిల్లలు చూసేది ఏసీ గది, కౌలుకిచ్చిన పొలం, గంటలో పని ముగించే కోత మిషన్. తాతయ్య చేసిన వ్యవసాయం అక్కడ వాళ్ళకు కనపడదు. ఆ పని ఏమిటో ఆయన వాళ్ళకు చూపించగలిగింది ఈ పరాయి రైతు కొట్టంలోనే. పిల్లల్ని మన మూలాలకు దగ్గర చేయాలంటే ఇండియాకే తీసుకెళ్ళాలని నేను ఇప్పుడు అనుకోవడం లేదు.

ఈ రాతి గోడలకు ముందు ఇది ఇక్కడి మూలవాసులైన లెనాపే ప్రజల నేల అని బళ్ళో నేర్చుకున్న సంగతి తిరిగొచ్చేటప్పుడు కార్లో పాపే గుర్తుచేసింది. ఇక్కడి కథ మనదనుకుంటే అదీ కలుపుకోవాల్సిందే.

ఇష్టం ఒక్కటే చాలదు, టెన్షన్లు చాలా ఉన్నాయి. ఇళ్ళలో సీసం పెయింట్‌ను నిషేధించిన 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి ఆ పెయింట్ పరీక్ష చేయించాలి. మామూలుగా దానికి పది రోజుల గడువు అడగొచ్చు. బావి నీళ్ళు, సెప్టిక్, నేలలోంచి ఇంట్లోకి చేరే రాడాన్ వాయువు పరీక్షలు సరేసరి. చారిత్రక కట్టడాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరుంటే మేకు కూడా కొట్టనివ్వరని మా స్నేహితులు భయపెట్టారు. సొంత డబ్బుతో చేసుకునే మార్పులకు ఆ జాబితా ఒక్కటే అడ్డు కాదు, స్థానిక టౌన్‌షిప్ నిబంధనలే చూసుకోవాలి. పది ఎకరాలు, అంతకు మించిన సాగుభూమికి 1974 నాటి 'క్లీన్ అండ్ గ్రీన్' చట్టం కింద ఆస్తి పన్ను తగ్గుతుంది. ఆ నేలను వేరే వాడకానికి మారిస్తే ఏడేళ్ళ పన్ను తేడా వడ్డీతో కట్టాలి. అందుకే ఇది ఆ పథకంలో ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగాం.

నాకు అన్నిటికంటే బెంగ బార్న్ గురించే. ఇలాంటివి కప్పు కారడం మొదలైతే ఎక్కువ కాలం నిలవవు. కొనేవాళ్ళు ఇంటి మీద ఖర్చుపెట్టి దీన్ని వదిలేస్తారేమోనని భయం. పాత బార్న్‌లు బాగుచేసే వడ్రంగి ఒకాయన శనివారం వచ్చి స్తంభాల అడుగులు పుచ్చాయేమో చూస్తానన్నాడు. నాన్న అడగాల్సినవన్నీ తెలుగులో రాసి పెట్టుకున్నారు, పాప వాటిని ఇంగ్లీషులో చెబుతానంది. ఆఫర్ వేయాలా వద్దా అన్నది ఆ వడ్రంగి చూసి చెప్పాకే.