చేపలకీ, వేళ్లకీ, బ్యాక్టీరియాకీ ఒకటే గాలి

మా పెరట్లోని ఆక్వాపోనిక్స్‌లో, అంటే చేపలు పెరిగే నీళ్లతోనే మట్టి లేకుండా మొక్కలు పెంచే ఏర్పాటులో, వెయ్యి లీటర్ల చేపల ట్యాంకు ఒకటి, మొక్కలుండే కంకర తొట్లు రెండు, అన్నిటికంటే కింద ఒక సంపు ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు నేరుగా మొక్కల దగ్గరికి వెళ్తారు. నేను మాత్రం పొద్దున లేవగానే చూసేది ట్యాంకులో నీటి పైభాగం. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం ఆరాటపడుతున్నాయా, కిందే తాపీగా తిరుగుతున్నాయా? టెస్ట్ కిట్ తీసేది ఆ తర్వాతే.

ఈ నీళ్లమీద ఆధారపడి ఊపిరి తీసేవి చేపలొక్కటే కాదు. మొక్కల వేళ్లకీ ఆక్సిజన్ కావాలి. కంకరకు అంటుకుని బతికే బ్యాక్టీరియాకీ కావాలి. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని మొక్కలు తినే నైట్రేట్‌గా మారుస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావడానికి దాదాపు 4.5 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే మనం గుప్పెడు మేత వేసిన ప్రతిసారీ దాన్ని అరిగించుకోవడానికి చేప కొంత గాలి వాడుతుంది, చేప వదిలినదాన్ని శుద్ధి చేయడానికి బ్యాక్టీరియా ఇంకొంత వాడుతుంది. ఎండాకాలంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ని పట్టి ఉంచగలవు. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే చేపలకి ఆకలీ ఎక్కువ, ఆక్సిజన్ అవసరమూ ఎక్కువ. లీటరుకి 5 మిల్లీగ్రాములకంటే తగ్గకుండా చూసుకోవాలన్నది నేను పెట్టుకున్న గీత.

ఈ లెక్క మనసులో కూర్చున్నాక నేను చేసిన మార్పులన్నీ గాలి చుట్టూనే తిరిగాయి.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది బెల్ సైఫన్, అంటే తొట్టి నిండగానే నీళ్లని దానంతటదే కిందికి లాగేసే పైపుల అమరిక. కదిలే భాగం ఒక్కటీ లేకుండా తొట్టిని నింపుతూ ఖాళీ చేస్తూ ఉంటుంది. తొట్టి అడుగున బిగించిన నిలువు పైపు నీటి మట్టాన్ని నిర్ణయిస్తుంది. దాని మీద, పైన మూసి ఉండి కింద గాట్లు పెట్టిన ఇంకో లావుపాటి పైపు బోర్లిస్తాం, అదే బెల్. కంకర లోపలికి రాకుండా ఈ రెంటి చుట్టూ చిల్లుల పైపు ఒకటి. నీళ్లు నిలువు పైపు అంచు దాటి వేగంగా పొర్లడం మొదలుపెడితే లోపలి గాలిని తోసుకుంటూ పైపుని నింపేస్తాయి. సైఫన్ అందుకోగానే తొట్టి మొత్తం గలగలా ఖాళీ అవుతుంది. చివర్లో గాట్లలోంచి గాలి చొరబడి సైఫన్ తెగుతుంది, తొట్టి మళ్లీ నిండుతుంది. నీళ్లు దిగిపోతున్నప్పుడు వాటి చోటులోకి గాలి వస్తుంది. వేళ్లూ, బ్యాక్టీరియా ఊపిరి పీల్చుకునేది అప్పుడే. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంటే ఈ అవకాశం ఉండదు.

దీన్ని ట్యూన్ చేయడానికి ఓపిక కావాలి. ప్రవాహం తక్కువైతే నీళ్లు అంచు మీంచి సన్నగా జారుతూనే ఉంటాయి, సైఫన్ అందుకోదు. ఎక్కువైతే సైఫన్ తెగదు, తొట్టి అడుగున నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి. నిలువు పైపు తలకి ఒక రెడ్యూసర్ (ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉండే పైపు ముక్క) తగిలించి మూతిని గరాటులా వెడల్పు చేయడం, బయటికి వెళ్లే చివర ఒక ఎల్బో పెట్టడం, ఈ రెండు పనులతో సైఫన్ త్వరగా అందుకుంటుంది. తెగకుండా మొండికేస్తే బెల్ పక్కన సన్నని గొట్టం పెట్టాలి. నీటి మట్టం దాని కింది మూతిదాకా దిగగానే ఒక్కసారిగా గాలి లోపలికి వెళ్తుంది. కంకర లోతు 30 సెంటీమీటర్లు ఉండి, నీళ్లు పై నుంచి 5 సెంటీమీటర్ల కిందే ఆగేలా చూస్తాను. పైపొర పొడిగా ఉంటే నాచు పట్టదు. కంకర కొనేముందు కొంచెం వెనిగర్ పోసి చూడండి. నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే, అది పీహెచ్‌ని (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలతని) పైకి లాగుతూనే ఉంటుంది.

తర్వాతి మార్పు మడ్డి గురించి. చేపల మలం, మిగిలిపోయిన మేత తొట్లోకి చేరి కుళ్లితే ఆ కుళ్లడానికీ ఆక్సిజనే కావాలి. అందుకే ట్యాంకుకీ తొట్లకీ మధ్య ఒక డ్రమ్ము పెట్టాను. ట్యాంకు నీళ్లు దాని నడిమధ్యలో వేలాడే వెడల్పాటి పైపులోకి వచ్చి, కిందికి దిగి, నెమ్మదిగా పైకి తేలి అంచు మీంచి పొర్లుతాయి. వేగం తగ్గేసరికి బరువైనదంతా అడుగున పేరుకుంటుంది. కింది వాల్వ్ తిప్పితే మడ్డి బకెట్‌లోకి వచ్చేస్తుంది. పోషకాలన్నీ అందులోనే కదా, ఎందుకు తీసేయడం అని అడిగేవాళ్లున్నారు. పారేయక్కర్లేదు. ఆ బకెట్‌లో ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) వేసి కొన్నాళ్లు గాలి కొడితే మడ్డిలోని ఖనిజాలు నీళ్లలోకి దిగుతాయి. తేరిన నీళ్లు తొట్టికి, అడుగుది నేలలోని మొక్కలకి.

కరెంటు పోతే ఏంటి అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. నా దగ్గర నీళ్లని పైకి ఎక్కించే పంప్ చేపల ట్యాంకులో కాదు, సంపులో ఉంటుంది. ట్యాంకు నుంచి నీళ్లు పొర్లుతూ మాత్రమే బయటికి వెళ్తాయి. ఆ పొర్లు పైపు మొదలు ట్యాంకు అడుగున ఉంటుంది, మడ్డిని పట్టుకెళ్లడానికి. దాని పై వంపు దగ్గర ఒక చిల్లు తప్పనిసరి. లేకపోతే అదే సైఫన్‌గా మారి ట్యాంకుని ఖాళీ చేసేయగలదు. ఇలా ఉంటే ఎక్కడ పైపు ఊడినా పోయేది సంపు నీళ్లే, చేపల మట్టం మారదు. దీనికి తోడు బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంప్. కరెంటు పోగానే దానంతటది మొదలవుతుంది. నెలకోసారి మెయిన్ ఆపి, అది నిజంగా మొదలవుతుందో లేదో చూస్తాను. నా దృష్టిలో ఇంకో తొట్టి కంటే ముందు కొనాల్సింది ఇదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బ్యాక్టీరియా పని చేసేకొద్దీ నీళ్లు ఆమ్లంగా మారతాయి, అది ఆరోగ్యకరమైన లక్షణమే. పీహెచ్ 6.8 కంటే దిగితే పొటాషియం బైకార్బొనేట్ ఒకసారి, పొడి సున్నం ఒకసారి, కొంచెం కొంచెంగా నీళ్లలో కలిపి సంపులో పోస్తాను. దీంతో మొక్కలకి పొటాషియం, కాల్షియం కూడా అందుతాయి. చేపల మేతలో ఇనుము మొక్కలకి సరిపడా ఉండదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే డీటీపీఏ రకం చీలేటెడ్ ఐరన్ (మొక్కలు తీసుకోగలిగేలా నీళ్లలో కరిగి ఉండే ఇనుము) వేయాలి. చేపల మేత లెక్క ఆకుకూరలకైతే తొట్టి చదరపు మీటరుకి రోజుకి 40 నుంచి 50 గ్రాములు. టమాటా, మిరప లాంటి కాయ మొక్కలకైతే ఇంకాస్త ఎక్కువ. చేపలు వెయ్యి లీటర్లకి 20 కిలోలదాకా పెంచొచ్చంటారు. నేను అందులో సగం దగ్గరే ఆగాను. చేపలు పలచగా ఉంటే కరెంటు పోయినప్పుడు మనకి దొరికే సమయం పెరుగుతుంది.

ఇప్పుడు ట్యాంకు మీద నీడ వల కట్టే పనిలో ఉన్నాను. నీటి ఉష్ణోగ్రత మధ్యాహ్నం ఎంత తగ్గుతుందో వల కట్టకముందు, కట్టాక రాసి పెట్టుకుని, దాన్నిబట్టి రెండో ఎయిర్ స్టోన్ అవసరమా కాదా తేల్చుకుంటాను.