‘ఫాలోయింగ్’ని మ్యూట్‌లో పెట్టి చూశాను

మా ఫ్రెండ్స్ బ్యాచ్ ఒక షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టింది. కెమెరా పని నా మీద పడింది. కెమెరా అంటే నా ఫోనే. లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత ఎవరికీ లేదు. అలాంటప్పుడు ఎవరిని చూసి నేర్చుకోవాలి? నేను హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్‌ని ఎంచుకున్నాను. ఐమాక్స్ పెద్దతెరల కోసం భారీ సినిమాలు తీసే నోలన్‌ని కాదు, 1998లో దాదాపు 6,000 డాలర్లతో ‘ఫాలోయింగ్’ తీసిన నోలన్‌ని. డెబ్బై నిమిషాల బ్లాక్ అండ్ వైట్ సినిమా. కథ, దర్శకత్వంతో పాటు కెమెరా కూడా ఆయనదే.

కథలో పడితే కెమెరాపనిని పట్టించుకోం కదా. అందుకే సౌండ్ తీసేసి, షాట్ షాట్‌కీ ఆపి, నోట్‌బుక్‌లో ఒక్కటే రాసుకుంటూ పోయాను: ఈ మొహం మీద వెలుగు ఎటు నుంచి పడుతోంది?

మొదట్లో నిద్రొచ్చింది. కొన్ని పేజీలు నిండాక మాత్రం హుషారు పుట్టింది. పగటి పూట గదుల్లో తీసిన షాట్లకి ఎక్కువగా ‘కిటికీ’ అనే రాసి ఉంది. నటుణ్ణి కిటికీ దగ్గరకు తెస్తే మొహం తేలుతుంది, వెనకున్న గది చీకట్లో కలిసిపోతుంది. ఆ చీకటి సినిమాకి కావలసిన అనుమానాన్ని తెస్తుంది, పైగా ఆ గదిలో సరైన సామాన్లు లేవన్న సంగతినీ దాచేస్తుంది. డబ్బుల్లేని దర్శకుడికి ఇంతకంటే చవకైన ఆర్ట్ డైరెక్టర్ దొరకడు.

బ్లాక్ అండ్ వైట్ కూడా నేననుకున్నట్టు ఫ్యాషన్ కాదు. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు: కిటికీ వెలుగు సుమారు 5,600 కెల్విన్, మామూలు బల్బు 3,000 లోపు. కలర్ ఫిల్మ్ మీద రెండూ కలిస్తే, ఫిల్మ్ రకాన్ని బట్టి కిటికీ వెలుగు నీలంగానో, బల్బు వెలుగు నారింజగానో కొడుతుంది. సరిచేయాలంటే జెల్ పేపర్లు (లైట్లకి, కిటికీలకి అడ్డంపెట్టే రంగు షీట్లు), లైట్లు, వాటికి మనుషులు కావాలి. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ గొడవే లేదు, ఎక్కువ వెలుగా తక్కువ వెలుగా అన్నదే లెక్క.

తీసిన పద్ధతి గురించి చదివాక ఇంకా ముచ్చటేసింది. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే, కాబట్టి షూటింగ్ శనివారాల్లో, దాదాపు ఏడాది పాటు. 16 ఎం.ఎం. ఫిల్మ్ 400 అడుగుల రోల్ పదకొండు నిమిషాలకే అయిపోతుంది. ఖర్చులో పెద్ద వాటా ఆ ఫిల్మ్‌కే. అందుకని నాటకంలా ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. కెమెరా ఎక్కువగా చేతిలోనే. కెమెరాని నడిపించడానికి పట్టాల్లాంటి ట్రాక్ వేసే పని తప్పింది, ఎవరినో వెంటాడే కథకి ఆ చిన్న ఊగు సరిపోయింది కూడా.

అన్నీ నచ్చాయని చెప్పను. కొన్ని సీన్లలో వెలుగు చప్పగా, అంతా బూడిదరంగులో ఉంటుంది. తరవాతి సినిమా ‘మెమెంటో’కి కెమెరా వాలీ ఫిస్టర్ పట్టుకున్నాడు, తేడా తెలుస్తుంది.

ఇక మా పని. సికింద్రాబాద్‌లో ఒక స్నేహితుడి గది దొరికింది, తూర్పు వైపు పెద్ద కిటికీ. షూటింగ్‌కి ముందు ఒక సెలవురోజు అక్కడే కూర్చుని గంటగంటకీ ఫోటో తీశాను. వాడు టీలు ఇస్తూ, “నా గదిలో అంత అందం ఏముందిరా?” అన్నాడు. పొద్దున ఎండ నేరుగా మంచం మీద పడి మొహాల్ని కాల్చేస్తోంది. పది దాటి సూర్యుడు పైకెక్కాక వెలుగు మెత్తబడింది. సీన్ టైమింగ్ అలా ఖాయమైంది. అవతలి చెంప మరీ నల్లబడకుండా స్టేషనరీ షాపులో కొన్న థర్మాకోల్ షీట్ పెట్టాం. ఫోన్లో ఎక్స్‌పోజర్ (కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్నది) మారకుండా లాక్ చేశాను, లేకపోతే అది చీకటి చూడగానే తనంతట తానే గదంతా వెలిగించేస్తుంది. డైలాగులు ముందే నలిగి ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది.

వీధి సీన్లు ఇంకా మిగిలాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట తీద్దామంటున్నాను, అక్కడ పుస్తకాల మీద వంగిన జనం కెమెరా వైపు చూడరు. హీరోగారు మాత్రం ట్యాంక్‌బండే కావాలంటున్నాడు.