ట్రిక్కుకి పేరు పెట్టే పని

కొత్త మ్యాజిక్ ట్రిక్కుకి పేరు పెట్టేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్కటే. పేరు వినగానే ఆఖర్న ఏం జరుగుతుందో తెలిసిపోకూడదు. ‘మాయమయ్యే నాణెం’ అని ముందే చెప్పేశాక, చూసేవాళ్లకి నా చేతుల్ని గమనించడం తప్ప ఇంకేం పని ఉంటుంది?

ఈ మధ్య కట్టిన పేకముక్కల ట్రిక్ ఒకటుంది. నలుగురు రాణులు, అందరూ వెల్లకిలా. లెక్కపెడుతుంటే ఆఠీను రాణి ఒక్కతే బోర్లా కనిపిస్తుంది. సరిచేసి మళ్లీ లెక్కపెడితే మళ్లీ బోర్లానే. చివరికి తనంతట తనే వెల్లకిలా తిరుగుతుంది. హమ్మయ్య అనుకునేలోపు ముక్క తిప్పి చూపిస్తే, ఇందాక నీలంగా ఉన్న వీపు ఎర్రగా ఉంటుంది. నా నోట్‌బుక్‌లో దీని పేరు ‘రాణులు, ఎల్మ్‌స్లీ రెండుసార్లు’. ఎల్మ్‌స్లీ అనేది ముక్కల్ని లెక్కపెట్టే ఒక పద్ధతి. కాబట్టి ఆ పేరు నోట్‌బుక్ దాటి బయటికి రాదు.

తోటి మెజీషియన్ ఒకాయన ‘రంగు మారే రాణి’ అని పెట్టమన్నాడు. వినడానికి బాగానే ఉంది, కానీ మొదటి నిమిషం నుంచే అందరి కళ్లూ రంగు మీదే ఉంటాయి. నేను ‘అలిగిన రాణి’ అని పెట్టాను. దాంతో మాటలు కూడా వాటంతటవే వచ్చాయి. రాణి మొహం తిప్పుకుంది, బతిమాలాలి. ఆ బతిమాలే పని ఎదుటివాళ్లకే అప్పజెప్తాను. పెద్దమనిషి ఒకాయన వంగి, ముక్కతో ‘ఏమ్మా, ఎవరేమన్నారు?’ అని అడుగుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ ఆయన్నే చూస్తారు. నా చేతులకి కావాల్సిన వ్యవధి సరిగ్గా అదే. ఇక ఆఖరి ఎరుపుకి నేను వివరణ ఇవ్వక్కర్లేదు, కోపం ఇంకా తగ్గలేదని వాళ్లే అంటారు.

పేరు మారితే ట్రిక్కే మారిపోతుంది అనడానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ మెజీషియన్ జో బెర్గ్ తయారుచేసిన పేక. 1930లలో ఆయన దాన్ని ‘అల్ట్రా మెంటల్ డెక్’ అన్నాడు. మనసు చదివే ట్రిక్కని దానర్థం. తర్వాతివాళ్లు అదే పేకని ‘ఇన్విజిబుల్ డెక్’ చేశారు. ఇప్పుడు ప్రేక్షకుడు కనిపించని పేకని చేతిలోకి తీసుకుని, కలిపి, ఒక ముక్క తీసి తిప్పి పెడతాడు. అసలు పేక విప్పి చూస్తే సరిగ్గా ఆ ముక్కే తిరగబడి ఉంటుంది. లోపలి ఏర్పాటు అదే, కానీ ఖాళీ చేతులతో పేక కలుపుతున్న మనిషిని చూడటం ఎంత సరదా! పాత పేరుతో ఇది కుదిరేదా?

కట్లు విప్పుకుని బయటపడే ట్రిక్కుల హుడినీ 1912లో ప్రదర్శించిన నీళ్ల పెట్టె పోస్టర్ల మీద ‘చైనీస్ వాటర్ టార్చర్ సెల్’. ఆయన మాత్రం దాన్ని ‘అప్‌సైడ్ డౌన్’ అనేవాడు, ఇంకా పొట్టిగా ‘యూఎస్‌డీ’. తలకిందులుగా దిగేవాడికి ఆ మాట చాలు, టికెట్ కొనేవాళ్లకి చాలదు. అంతకుముందటి ఫ్రెంచ్ మెజీషియన్ రాబర్ట్ హూడిన్ ఇంకా గడుసువాడు. 1846లో ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేసిన వార్త ఊళ్లకి ఊళ్లే చెప్పుకున్నాయి. మరుసటి ఏడాదే ఆయన తన కొడుకుని గాల్లో పడుకోబెట్టి దానికి ‘ఈథర్ సస్పెన్షన్’ అని పేరు పెట్టాడు. తెర వెనక నుంచి ఈథర్ వాసన కూడా వచ్చేలా చేశాడు. పేరుని జనం ముక్కు దాకా తీసుకెళ్లిన ఘనత ఆయనదే.

‘మహా’, ‘అద్భుత’, ‘విశ్వ’ లాంటివి తగిలించిన పేర్లంటే నాకు పడదు. అద్భుతమో కాదో చూసినవాళ్లు చెప్పాలి. పాల్ కర్రీ 1942లో తెచ్చిన ‘అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్’ని మాత్రం క్షమించేస్తాను. ప్రేక్షకుడే ముక్కల్ని చూడకుండా పంచుతూ ఎరుపూ నలుపూ విడదీసేస్తాడు, ఆ మాత్రం గొప్ప చెప్పుకోవచ్చు.

పేరు ఖాయం చేసేముందు పాత మ్యాజిక్ పుస్తకాల సూచికలు తిరగేస్తాను. అదే పేరు వేరే ట్రిక్కుకి ఉంటే మార్చేస్తాను. చట్టం సంగతి పక్కన పెట్టండి, మెజీషియన్లు నలుగురు కలిసినప్పుడు ఎవరి ట్రిక్ గురించి మాట్లాడుతున్నారో అర్థం కావాలిగా.

ప్రస్తుతం నాణేల ట్రిక్ ఒకటి పేరు లేకుండా పడి ఉంది. అరచేతిలో మూడు నాణేలు, ఎన్నిసార్లు ఇచ్చేసినా మూడే. ‘తీరని బాకీ’ అందామా అనుకుంటున్నాను. కానీ అలా అంటే చివర్లో బాకీ తీరిపోవాలేమో, అంటే ట్రిక్ ముగింపే మార్చాలి. మార్చి చూస్తాను.