అయిందా, చేయించుకుందా

శనివారం. డిసెంబరు రెండో వారం.

మా వారు పొద్దున్నే రైతు బజారుకు వెళ్లి నాలుగు కిలోల పచ్చి కందికాయలు తెచ్చి వంటింటి గట్టు మీద కుమ్మరించారు. ఇద్దరం ఉండే ఇంటికి నాలుగు కిలోలు! "చవకగా ఇచ్చాడు" అన్నారు. ఒలిచేది నేను కనుక ఆయనకు అన్నీ చవకే.

సగం ఒలిచేసరికి పాస్టరమ్మ ఫోను. "వందనాలు అక్కా. ఈ రోజు స్త్రీల సమాజంలో వాక్యం మీరే చెప్పాలి. మరియ ఎలీసబెతు ఇంటికి వెళ్లిన భాగం" అంది. చివర్లో గొంతు తగ్గించి, "పోయిన శనివారం సంగతి మీకు తెలుసు కదా, కొంచెం మెత్తగా చెప్పండి" అంది.

తెలియకేం. నేను అక్కడే ఉన్నాను. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు గర్భఫలం దేవుడి బహుమానమని మొదలుపెట్టి, అబార్షన్ నరహత్య అని బల్ల గుద్ది, "మీలో ఎవరికి అబార్షన్ అయిందో వాళ్లు దేవుని ముందు ఒప్పుకోండి" అన్నాడు. సరిగ్గా అదే మాట, 'ఎవరికి అయిందో'. అందరం కళ్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిర్‌లో పాడే, మా సంఘంలోనే ఒకరింటి చిన్న కోడలు లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. అందరం కళ్లు మూసుకున్నామంటున్నాను గానీ, ఆ పిల్ల వెళ్లడం చూడని వాళ్లు ఒక్కరూ లేరు. గుడి మెట్లు దిగేలోపే ఆమె 'చేయించుకుందని' తీర్పు కూడా అయిపోయింది.

పదకొండింటికి కందికాయలు అక్కడే వదిలేసి మెట్టుగడ్డ వైపు వాళ్ల ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన అత్తగారు "ఒంట్లో బాగాలేదు" అంది, నన్ను లోపలికి రమ్మనకుండానే. ముప్పై మూడేళ్లు నర్సుగా పనిచేసిన దాన్ని. ఒంట్లో బాగాలేదంటే వెనక్కి తిరిగేది నేను కాదు.

ఆ పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బీరువాలోంచి మందుల షాపు కవరు తీసి, అందులోని డిశ్చార్జి కాగితం నా చేతిలో పెట్టింది. పది వారాల గర్భం, స్కానింగులో గుండె చప్పుడు లేదు, మందులతో శుభ్రం చేశారు. రోగం పేరు రాయాల్సిన చోట 'మిస్డ్ అబార్షన్' అని ఉంది.

"ఆసుపత్రి వాళ్లు కూడా అదే మాట రాశారు కదా ఆంటీ. మరి నేను ఏం చేసినట్టు?" అంది.

ఆ కాగితం పట్టుకుని నాకు తల తీసేసినట్టయింది. అలాంటి కాగితాలు నా చేత్తో ఎన్ని రాసి ఉంటానో. గర్భం ఇరవై వారాల లోపు ఎలా పోయినా వైద్యంలో దాని పేరు అబార్షనే. దానంతట అదే పోతే ఒక విశేషణం, తీయిస్తే ఇంకొకటి. మాకు అది మామూలు మాట. ఆ కాగితం ఇంటికి వెళ్లాక ఎవరు ఎలా చదువుకుంటారో ఒక్కరోజూ ఆలోచించలేదు.

మా అమ్మ తరంలో ఈ గొడవ లేదు. వాళ్లు 'కడుపు పోయింది' అనేవారు, లేదా 'కడుపు తీయించుకుంది' అనేవారు. పోవడం వేరు, తీయించుకోవడం వేరు. తెలుగులో క్రియే అంతా చెప్పేస్తుంది. పుస్తకాల్లో కూడా గర్భస్రావం ఒకటి, గర్భవిచ్ఛిత్తి ఒకటి. ఇంగ్లీషు మాట వచ్చి రెండింటినీ ఒకే సంచిలో వేసింది. 'అబార్షన్ అయింది', 'అబార్షన్ చేయించుకుంది' అని మనం ఇంకా తేడాగానే అంటున్నాం గానీ, వినేవాళ్ల చెవిలో ముందుగా పడేది ఆ పెద్ద మాటే. మైకు ముందు నిలబడ్డ మనిషికి అయినా ఆ తేడా తెలిసి ఉండాలి.

తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలాగే పోతాయని, మొదటి మూడు నెలల్లో పోయినవాటిలో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్లేనని, బిందె ఎత్తినందుకూ బస్సెక్కినందుకూ కాదని ఆ పిల్లకు చెప్పాను. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆమెకు వినపడాలనే కొంచెం గట్టిగా చెప్పాను. బిందె మాట వచ్చినప్పుడు ఆమె చూపు తిప్పుకుంది. సాయంత్రం రమ్మని అడిగితే ఆ పిల్ల "చూస్తాను" అంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బైబిలు తీశాను. లూకా సువార్త మొదటి అధ్యాయం. యేసు తల్లి కాబోయే మరియ వందనం వినగానే ఆమె బంధువు ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేశాడు. అప్పటికి ఎలీసబెతుకు ఆరో నెల. నాకు ఎప్పుడూ నచ్చేది ఆ 'శిశువు' అన్న మాట. రెండో అధ్యాయంలో పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన యేసునూ శిశువు అనే అన్నారు. మూలంలో గ్రీకులోనూ రెండు చోట్లా ఒకటే మాటట. కడుపులో ఉన్నవాడికీ తొట్టిలో ఉన్నవాడికీ లూకా వేరే పేరు పెట్టలేదు. ఆయన వైద్యుడని అంటారు మరి. 139వ కీర్తన, యిర్మీయా మొదటి అధ్యాయం కూడా ఈ విషయంలో అందరూ చెప్పేవే: తల్లి గర్భంలో రూపం కట్టేది దేవుడే, కట్టకముందే ఎరిగినవాడూ ఆయనే. నేను నమ్మేదీ అదే. కాన్పు గదిలో అన్నేళ్లు నిలబడ్డాక నమ్మకపోవడం నాకు చేతకాదు.

అయితే నిర్గమకాండం ఇరవై ఒకటో అధ్యాయం దగ్గరికి వస్తే పండితులకే పడదు. మగవాళ్లు కొట్లాడుకుంటూ గర్భవతిని కొడితే ఏమిటన్న ధర్మం అది. కడుపు పోతే జరిమానా, తల్లికి హాని జరిగితే ప్రాణానికి ప్రాణం అని కొందరు చదువుతారు. నెలలు నిండక ముందే బిడ్డ పుట్టి క్షేమంగా ఉంటేనే జరిమానా అని ఇంకొందరు. ఈ వచనాన్ని ఎవరూ బల్ల గుద్ది చెప్పగా నేను వినలేదు.

కడుపు తీయించకూడదన్నది మాత్రం సంఘంలో మొదటి నుంచీ ఉంది. అపొస్తలుల తర్వాతి తరాలదని చెప్పే 'డిడాకే' బోధలోనే ఆ ఆజ్ఞ ఉంది. ప్రాణం ఎప్పుడు వస్తుందన్న దాని మీదే మాటలు మారాయి. మగపిండం రూపుదిద్దుకోవడానికి నలభై రోజులు, ఆడపిండానికి తొంభై అని అరిస్టాటిల్ రాస్తే, పదమూడో శతాబ్దంలో కథోలిక వేదాంతి థామస్ అక్వినాస్ కూడా ఆ దారినే నడిచాడు. శిక్షల విషయంలో కథోలిక సంఘం పిండానికి రూపం రాకముందు, వచ్చాక అన్న తేడాను 1869లో గానీ పూర్తిగా తీసేయలేదు. ఇదంతా నాకు నాతో పనిచేసిన నల్గొండ కథోలిక సిస్టర్ చెప్పింది. ఆడపిల్లకు ఆత్మ యాభై రోజులు ఆలస్యమట అని ఇద్దరం నైట్ డ్యూటీలో నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఆ వారమే వార్డుకు ఒకామె వచ్చింది.

ఇద్దరు ఆడపిల్లల తల్లి. నాలుగో నెల దాటింది. అత్తగారు వెంట ఉంది. 'వద్దనుకుంటున్నాం' అని అత్తగారే చెప్పింది, ఆ అమ్మాయి నేల చూస్తూ ఉంది. ఎక్కడో ఎవరో కడుపులో ఉన్నది ఆడపిల్లని చెప్పేశారు. లింగ నిర్ధారణ చేయకూడదని 1994లోనే చట్టం వచ్చింది, ప్రతి స్కానింగు గది గోడ మీదా ఆ బోర్డు ఉంటుంది. బోర్డు కింద కూర్చునే చెప్పేవాళ్లూ ఉన్నారు. డాక్టరమ్మ చేయనని పంపించేసింది. తర్వాత ఏమైందో మాకు తెలియదు. నా పుట్టిల్లు దేవరకొండ. పాతికేళ్ల క్రితం అక్కడి తండాల నుంచి ఆడశిశువులను అమ్ముకున్నారని పేపర్ల నిండా వచ్చినప్పుడు ఇక్కడ నన్ను అందరూ 'మీ ఊరే కదా' అని అడిగేవారు. కొన్నది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. గర్భం విలువ గురించి మాట్లాడేటప్పుడు నాకు ప్రసంగాల కంటే ముందు ఆ అమ్మాయి వంచిన తలే గుర్తొస్తుంది. ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలో చెప్పమంటే ఆ రోజూ నావల్ల కాలేదు, ఈ రోజూ కాదు.

ఇంకొకామెకు ట్యూబులో గర్భం నిలిచి పగిలింది. కడుపంతా రక్తం. ఆ రాత్రి ఆపరేషన్ గదిలో నేను, ఆ సిస్టర్ ఇద్దరం ఉన్నాం. అది తీయడం పాపమా అని మాలో ఎవరూ అడగలేదు. ట్యూబు తీయకపోతే ఇద్దరూ పోతారు, తీస్తే తల్లి బతుకుతుంది. వాళ్ల సంఘం ఎంత కఠినంగా ఉన్నా దీన్ని వద్దనదని సిస్టర్ తర్వాత చెప్పింది.

నాలుగున్నరకు కూడిక. ఇరవై మంది వచ్చారు. చిన్న కోడలు రాలేదు. నేను పాఠం చదివి, ముందుగా పోయిన వారం మాటను సరిదిద్దాను: పోగొట్టుకున్న వాళ్లు దేవుని ముందు ఒప్పుకోవడానికి ఏమీ లేదు, వాళ్ల దగ్గరికి మనం వెళ్లాలి, మరియ ఎలీసబెతు దగ్గరికి వెళ్లినట్టు. మూడు నెలలు ఉందట మరియ. మనం మూడు నిమిషాలు వెళ్లలేదు. ఇక్కడ పాస్టరమ్మ తల వంచుకుంది. మెత్తగా చెప్పమంది కదా, నాకు అంతకంటే మెత్తగా రాదు.

ఒక టీచరు కడుపు తీయించుకోవడం మీద చట్టం ఏమంటుందని అడిగింది. 1971 చట్టాన్ని 2021లో సవరించారని, ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలని, కొన్ని రకాల పరిస్థితుల్లో ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు కావాలని, ఆ తర్వాత బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు చూస్తుందని చెప్పాను. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలని చెబితే, "భర్తది అక్కర్లేదా?" అని నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి. చట్టం ఒప్పుకున్నదంతా దేవుడు ఒప్పుకున్నట్టు కాదని ఒకామె అంది. నిజమే, నేనూ ఒప్పుకుంటాను.

అంతా అయ్యాక, టీ గ్లాసులు సర్దుతుంటే, వెనక వరసలో కూర్చునే పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. డెబ్బై అయిదు దాటి ఉంటుంది.

"బిడ్డా, నాకు అయిదో నెలలో ఒకటి పోయింది. మగపిల్లవాడు. కొట్టం వెనక పూడ్చారు. పాస్టరు రాలేదు, ప్రార్థన లేదు. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే అయిదుగురని చెబుతాను. ఆరుగురని చెప్పవచ్చా?"

చెప్పవచ్చు పెద్దమ్మా అన్నాను. ఆసుపత్రి కేసు షీటులో ఎన్ని కాన్పులో, ఎంతమంది బతికి ఉన్నారో రాసే ముందు, ఎన్నిసార్లు గర్భం నిలిచిందో రాస్తాం. పోయినది కూడా ఆ అంకెలో ఉంటుంది. ఆ మాట చెబితే ఆమె ఆశ్చర్యపోయింది. "గుడిలో రాయనిది దవాఖానలో రాస్తారా?" అంది.

రాత్రి మళ్లీ కందికాయల ముందు కూర్చున్నాను. మా వారు కూడా వచ్చి ఒలవడం మొదలుపెట్టారు, పొద్దుటి తప్పు గుర్తొచ్చినట్టుంది. కాసేపయ్యాక అడిగాను:

"మనకు ఎంతమంది పిల్లలు?"

"అదేం ప్రశ్న, ఇద్దరు" అన్నారు.

నేను ఏమీ అనలేదు. ఆయన నాలుగు కాయలు ఒలిచారు. గింజలు గిన్నెలో వేసి, నా వైపు చూడకుండా, "ఆ మార్చి నెలది కూడా లెక్కపెడుతున్నావా?" అన్నారు.